జింజర్‌బ్రెడ్ ఇళ్ళ పార్టీ: గోడలు ముందు రోజు రాత్రే నిలబెట్టండి

అమెరికాలో ఇది మీకు మొదటి చలికాలమని, మూడో తరగతి చదివే మీ పాప స్నేహితులను ఎనిమిది మందిని, వాళ్ళ అమ్మానాన్నలను డిసెంబరులో ఒక శనివారం ఇంటికి పిలిచి జింజర్‌బ్రెడ్ ఇళ్ళు, అంటే శొంఠి వేసిన గట్టి బిస్కెట్ పలకలతో కట్టి మిఠాయిలతో అలంకరించే బొమ్మ ఇళ్ళు, కట్టించాలనుకుంటున్నారని రాశారు. ముక్కలన్నీ పెట్టెలో సిద్ధంగా వచ్చే కిట్లు కొనాలా, ఇంట్లో చేసుకోవాలా, మనవాళ్ళూ పక్కింటి అమెరికన్లూ కలిసి వస్తే తినడానికి ఏం పెట్టాలి, గుడ్డు తినని వాళ్ళ సంగతేమిటి అని అడిగారు. చివర్లో ‘మేము క్రిస్మస్ చేసుకోం, మరి ఇది చేయొచ్చా’ అని కూడా అడిగారు.

షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా ఇంట్లో పదకొండేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ ఈ పార్టీ చేస్తున్నాం. చేసి చూసిన సంగతులే చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటే. పిల్లలు మీ గుమ్మంలోకి వచ్చేసరికి ఇళ్ళు నిలబడి ఉండాలి. గోడలు అతికించడం పెద్దవాళ్ళ పని, అది ముందు రోజు రాత్రే అయిపోవాలి. పార్టీ రోజున పిల్లలకు మిగలాల్సింది అలంకరణ ఒక్కటే. మేము మొదటి ఏడాది ఒక దుకాణంలో ఐదు కిట్లు కొని, పెట్టెలు అలాగే పిల్లల ముందు పెట్టేశాం. పెట్టె మీది బొమ్మ చూసి పది నిమిషాల్లో ఇల్లు లేస్తుందనుకున్నాం. గోడలు అతికించే చక్కెర ముద్ద, అంటే ఐసింగ్, పైపైన ఆరడానికే అరగంట పైన పడుతుంది, గోడ బరువు మోసేంత గట్టిపడటానికి కొన్ని గంటలు కావాలి. ఆరేళ్ళ పిల్లాడు రెండు గోడలు పట్టుకుని ఎంతసేపు కూర్చుంటాడు? పైకప్పు పెట్టగానే ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. ఒక పాప ఏడుపు ఆపుకోలేక వాళ్ళమ్మ ఒళ్ళో తల దాచుకుంది. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా విడి గోడలు పిల్లల చేతికి ఇవ్వలేదు.

కిట్లా, ఇంట్లోనా అన్న ప్రశ్నకు నా సమాధానం, ఎనిమిది మందికి అయితే రెండూ వద్దు. గ్రాహమ్ క్రాకర్లు కొనండి. దీర్ఘచతురస్రంగా ఉండే ఈ తియ్యటి బిస్కెట్లు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. ఒక్కో ఇంటికి ఆరు షీట్లు, అంటే విరవని పూర్తి బిస్కెట్లు, కావాలి. పక్క గోడలకు రెండు, పైకప్పుకు రెండు, పైన కోణంగా కోసుకునే ముందు వెనుక గోడలకు రెండు. మామూలు సైజు డబ్బాలో 3 ప్యాకెట్లు, ఒక్కో ప్యాకెట్‌లో 9 షీట్లు, మొత్తం 27 ఉంటాయి. ఎనిమిది ఇళ్ళకు లెక్క ప్రకారం 48 చాలు, కానీ కోసేటప్పుడు విరుగుతాయి కాబట్టి మూడు డబ్బాలు తెచ్చుకోండి. బ్రెడ్ కోసే పళ్ళ కత్తితో, నొక్కకుండా రంపంలా మెల్లగా కోస్తే చక్కగా తెగుతాయి. బడుల్లో టీచర్లు చేసే ఉపాయం ఇంకొకటి ఉంది. పిల్లలు తాగే చిన్న పాల డబ్బాలు కడిగి ఆరబెట్టి, వాటి చుట్టూ క్రాకర్లు అతికిస్తారు. లోపల డబ్బా ఉంటే ఇల్లు కూలే ప్రశ్నే లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలు వస్తుంటే వాళ్ళకు ఈ పద్ధతే మంచిది.

అయినా ఒక్క ఇల్లు మాత్రం అసలైన జింజర్‌బ్రెడ్‌తో మీరే చేయండి. పార్టీకి వచ్చిన వాళ్ళను ముందుగా పలకరించేది ఆ వాసనే. దీనికి గుడ్డు అక్కర్లేదు. ఒక కప్పు వెన్న కరిగించి, ఒక కప్పు బ్రౌన్ షుగర్, ఒక కప్పు మొలాసిస్, చిటికెడు ఉప్పు వేసి కలపండి. ఒక పెద్ద చెంచా శొంఠి పొడి, అంతే దాల్చినచెక్క పొడి, అర చిన్న చెంచా లవంగం పొడి వేయండి. తర్వాత మైదా కొద్దికొద్దిగా కలుపుతూ గట్టి ముద్ద చేయండి, సుమారు ఐదు కప్పులు పడుతుంది. మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. మన బెల్లం పాకానికి దగ్గరగా ఉంటుంది, కొంచెం చేదు ఎక్కువ. ఇక్కడ ‘గ్రౌండ్ జింజర్’ అని సీసాలో అమ్మేది మన శొంఠి పొడే. ఇండియన్ స్టోర్‌లో కొన్న శొంఠి కొమ్ము దంచి వేస్తే ఘాటు ఇంకా బాగుంటుంది. బేకింగ్ సోడా వేయకండి. తినే కుకీలు పొంగాలి, కట్టే గోడలు పొంగకూడదు. పావు అంగుళం మందాన వత్తి, అట్టముక్క కొలతతో కోసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కాల్చండి. బయటికి తీసిన వెంటనే, ఇంకా మెత్తగా ఉండగానే, అదే అట్టముక్క మళ్ళీ పైన పెట్టి అంచులు సరిచేయండి. చల్లారాక కోస్తే విరిగిపోతుంది. అరిసెల పాకం దగ్గర మీకు చెయ్యి తిరిగి ఉంటే ఈ తొందర ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక గోడలను పట్టి నిలిపేది రాయల్ ఐసింగ్. ఒక పౌను పొడి చక్కెర, మూడు పెద్ద చెంచాల మెరింగ్ పౌడర్, ఐదారు పెద్ద చెంచాల గోరువెచ్చటి నీళ్ళు. వీటిని మిక్సర్‌తో ఏడు నుంచి పది నిమిషాలు గిలక్కొట్టాలి. చెంచాతో ఎత్తితే కొన వంగకుండా నిలబడాలి. పచ్చి గుడ్డు తెల్లసొనతో కూడా చేస్తారు గానీ కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంటుంది, పిల్లలు వేళ్ళు నాకుతూనే ఉంటారు కాబట్టి వద్దు. గిన్నెకు జిడ్డు ఏమాత్రం ఉన్నా ఐసింగ్ పట్టు కోల్పోతుంది. మన ఇళ్ళలో ప్లాస్టిక్ గిన్నెలకు తాలింపు నూనె ఎంత కడిగినా పూర్తిగా వదలదు. స్టీలు గిన్నె గానీ గాజు గిన్నె గానీ తీసుకుని, వెనిగర్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. కలిపాక గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే పైన పెచ్చు కడుతుంది. ఎనిమిది ఇళ్ళు నిలబెట్టడానికీ, మర్నాడు అలంకరణకూ కలిపి నాలుగు పౌన్ల చక్కెర పెట్టుకోండి.

గుడ్డు తినని వాళ్ళ గురించి అడిగారు, మంచి పని చేశారు. ఇక్కడ చాలామంది పొరపడతారు. మెరింగ్ పౌడర్ డబ్బా మీద బొమ్మ చూస్తే ఏదో పిండి అనిపిస్తుంది, కానీ అది ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనే. వాళ్ళ కోసం కాబూలీ శనగల నీళ్ళు వాడండి. ఉప్పు వేయని శనగల టిన్ను తెరిచి, అందులోని చిక్కటి నీళ్ళు పావు కప్పు కన్నా కొంచెం ఎక్కువ తీసుకుని ఒక పౌను పొడి చక్కెరతో అలాగే గిలక్కొట్టండి. నురగ తెల్లగా వస్తుంది, శనగ వాసన చక్కెరలో తెలియదు. ఆరడం మాత్రం నెమ్మది, కాబట్టి ఆ ఇళ్ళు రెండు రోజుల ముందే నిలబెట్టండి. మిగిలిన శనగలకు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే పార్టీకి గుగ్గిళ్ళు కూడా సిద్ధం.

మిఠాయిల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మార్ష్‌మెల్లోలలో, చాలా రకాల గమ్మీ బేర్లలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, ఇక్కడ ఎక్కువగా పంది నుంచి. మన శాకాహారులకూ, ముస్లిం స్నేహితులకూ, కోషర్ అనే ఆహార నియమాలు పాటించే యూదు కుటుంబాలకూ అది ఇబ్బందే. పండ్ల నుంచి తీసే పెక్టిన్ గానీ మొక్కజొన్న పిండి గానీ వాడిన జెల్లీలు దొరుకుతాయి, వెనక అక్షరాలు చదివి తీసుకోండి. మేము ఇప్పుడు జెలటిన్ ఉన్నది ఏదీ బల్ల మీద పెట్టం. ‘ఇది తినొచ్చు, అది తినకూడదు’ అని ఒక బిడ్డను మాత్రమే ఆపాల్సి రావడం నాకు నచ్చదు.

అలెర్జీల గురించి ఆహ్వానంలోనే అడగండి. అమెరికా చట్టం తొమ్మిది పదార్థాలను ప్రధాన అలెర్జీ కారకాలుగా లెక్కిస్తుంది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, జీడిపప్పు బాదం వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, తొమ్మిదోది నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి ఆ జాబితాలోకి వచ్చాయి. మనకు ఇది ముఖ్యం. జంతికల్లో, చెగోడీల్లో, సకినాల్లో, అరిసెల మీద నువ్వులు ఉంటాయి, తెలియని వాళ్ళు వాటిని గమనించకపోవచ్చు. ప్రతి పళ్ళెం ముందు చిన్న కాగితం మీద అందులో ఏముందో ఇంగ్లీషులో రాసి పెట్టండి. నాలుగేళ్ళ లోపు పిల్లలు వస్తే గట్టి చాక్లెట్లు, పాప్‌కార్న్, పల్లీలు వాళ్ళకు అందని చోట ఉంచండి, గొంతులో అడ్డం పడతాయి.

తిండి సంగతికి వస్తే, బల్ల మీద తీపి కొండలా ఉంటుంది కాబట్టి మిగిలినదంతా కారంగా, ఉప్పగా, వేడిగా ఉండాలి. కేకులు, గులాబ్‌జామ్‌లు ఆ రోజు వద్దు. మనవాళ్ళకు మిరపకాయ బజ్జీ లేకుండా చలికాలం పార్టీ ఏమిటి అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ డిసెంబరులో ఇక్కడ కిటికీలన్నీ బిగించి ఉంటాయి. బాణలి పెట్టిన పావుగంటకు పొగ అలారం మోగుతుంది, నూనె వాసన వచ్చిన వాళ్ళ ఉన్ని కోట్లకు పట్టి వారం రోజులు వదలదు. పైగా మీరు పొయ్యి దగ్గరే ఉండిపోతారు, మీ పాప ఇల్లు ఎలా కట్టిందో మీరు చూడనే చూడరు. అందుకే ఆ పూటే వేయించాల్సినవి ఏవీ పెట్టుకోకండి. మసాలా వడలు ఉదయమే వేయించి, అతిథులు వచ్చే ముందు అవెన్‌లో పది నిమిషాలు వేడి చేస్తే మళ్ళీ కరకరలాడతాయి. ఉల్లిపాయ పకోడీ కూడా గట్టి పకోడీలా చేస్తే పర్వాలేదు. పునుగులు మాత్రం చల్లారితే సాగుతాయి, బజ్జీలు మెత్తబడిపోతాయి, వాటిని వేసవికి ఉంచండి.

మా ఇంట్లో అందరూ అడిగి తాగేది టమాటా చారు. పెద్ద గిన్నెలో మిరియాలు కొంచెం తగ్గించి కాచి, స్లో కుక్కర్‌లో వెచ్చగా ఉంచి, చిన్న కప్పుల్లో పోసి ఇస్తాను. బయట మంచులో నుంచి వచ్చి, చేతి తొడుగులు తీసి, ఆ కప్పు రెండు చేతులతో పట్టుకున్న వాళ్ళ ముఖాలు చూడాలి. ఎదురింటి పెద్దావిడ ప్రతి నవంబరులోనూ నన్ను ఆపి, ఈసారి కూడా ఆ ‘పెప్పర్ సూప్’ ఉంటుంది కదా అని అడుగుతారు. దానితో పాటు గుగ్గిళ్ళు, మసాలా వడలు, ఇండియన్ స్టోర్ నుంచి కారప్పూస, కారం తినని పిల్లలకు చీజ్, క్రాకర్లు, కోసిన యాపిల్ ముక్కలు, క్యారెట్లు. తాగడానికి యాపిల్ సైడర్‌లో (ఇక్కడ అది మద్యం కాదు, వడకట్టని యాపిల్ రసం) దాల్చినచెక్క, దంచిన అల్లం వేసి కాచి పెట్టండి. పెద్దవాళ్ళకు అల్లం టీ. ఇంతకన్నా అక్కర్లేదు. ఎవరైనా ఏదైనా తెస్తామంటే కాదనకండి, అందులో ఏముందో మాత్రం అడిగి కాగితం రాయండి. చీజ్, పాల పదార్థాలు రెండు గంటలకు మించి బల్ల మీద ఉంచకండి.

సమయం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అని పెట్టండి, ముగింపు సమయం కూడా ఆహ్వానంలో రాయండి. డిసెంబరు మధ్యలో షికాగోలో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు వాలిపోతుంది, తర్వాత రోడ్డు మీద కరిగిన మంచు మళ్ళీ గడ్డకడుతుంది. చిన్నపిల్లలతో వచ్చిన వాళ్ళు వెలుతురు ఉండగానే బయల్దేరాలని చూస్తారు. పక్కింటి వాళ్ళు రెండింటికి సరిగ్గా తలుపు కొడతారు, మనవాళ్ళలో కొందరు రెండున్నరకు వస్తారు. మొదటి అరగంట చారుకూ వడలకూ వదిలేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, పిల్లల కడుపులో తీపికి ముందు కాస్త తిండి పడుతుంది. ఉదయాన్నే గుమ్మం మెట్ల మీద, డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లండి. చెప్పులు బయట విడిచే అలవాటు మనకు ఉంది గానీ ఇక్కడ మంచు బూట్లు లోపలే విడవాలి. తలుపు పక్కన అంచులున్న ప్లాస్టిక్ ట్రేలు పెట్టండి, లేకపోతే కరిగిన నీళ్ళలో అందరి మేజోళ్ళూ తడుస్తాయి.

బల్ల సర్దడం ఇలా. పాత ప్లాస్టిక్ గుడ్డ పరచండి. ఒక్కో బిడ్డకు ఒక గట్టి అట్ట, దానికి ఫాయిల్ చుట్టి, పేరు రాసి, మధ్యలో ఇల్లు అతికించి ఉంచండి. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆ అట్టే ఆధారం. ఇద్దరు పిల్లలకు ఒక మఫిన్ ట్రే పెట్టి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు మిఠాయి పోయండి. ఐసింగ్‌ను జిప్‌లాక్ సంచుల్లో నింపి, మూతి దగ్గర రబ్బర్ బ్యాండ్ బిగించండి, లేకపోతే పిల్లలు నొక్కినప్పుడు వెనక నుంచి కారుతుంది. మూల కత్తిరించేటప్పుడు బియ్యపు గింజంత చాలు. పెద్దది చేయడానికి ఎప్పుడైనా వీలుంది.

పోటీ మాత్రం పెట్టకండి. చాలామంది ‘బెస్ట్ హౌస్’ బహుమతి పెడతారు. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో 1992 నుంచి జాతీయ స్థాయి జింజర్‌బ్రెడ్ పోటీ జరుగుతోంది, నెలల తరబడి కష్టపడిన వాళ్ళ పనికి అది తగిన వేదిక. ఎనిమిదేళ్ళ పిల్లలకు నాకు నచ్చిన దారి నార్వేలోని బెర్గెన్ నగరానిది. అక్కడ 1991 నుంచి ప్రతి చలికాలం పిల్లలు, బడులు, కుటుంబాలు తలా ఒక ఇల్లు చేసి తెస్తే, అన్నిటినీ కలిపి ఒక పెద్ద జింజర్‌బ్రెడ్ పట్నంగా పేరుస్తారు. మేమూ అలాగే, చివరి పావుగంటలో ఇళ్ళన్నీ ఒకే బల్ల మీద రెండు వరసలుగా పెట్టి, మధ్య వీధికి పొడి చక్కెర చల్లి, గదిలో దీపాలు ఆర్పి చిన్న లైట్లు వెలిగిస్తాం. వంకర తలుపులున్న ఇల్లు, పైకప్పంతా ఒకే రంగు మిఠాయిలున్న ఇల్లు, అన్నీ ఆ వీధిలో ఇమిడిపోతాయి. ఆ ఫోటో ఒక్కటి తీసి అందరికీ పంపండి.

ఇక మీ చివరి ప్రశ్న. నిరభ్యంతరంగా చేయండి. జింజర్‌బ్రెడ్ ఇల్లు జర్మన్ల ఆచారం, జర్మన్ వలసదారులతో అమెరికాకు వచ్చింది, క్రిస్మస్ రోజుల్లో చేస్తారు. అయినా అందులో పూజ గానీ ప్రార్థన గానీ లేదు. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం వాళ్ళ మసాలా రొట్టెకు కావాల్సిన శొంఠి, మిరియాలు మన పడమటి తీరం నుంచే వెనిస్ వర్తకుల చేతుల మీదుగా వెళ్ళేవి. నార్వే వాళ్ళు ఈ బిస్కెట్‌ను ఈనాటికీ ‘మిరియాల కేకు’ అనే పేరుతోనే పిలుస్తారు. మాది గుంటూరు. డిసెంబరు వస్తే మా వీధిలో సగం ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలిగేవి, పక్కింటి నుంచి కేకు వచ్చేది, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు వెళ్ళేవి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ కూడా జర్మనీలో పుట్టి పెన్సిల్వేనియాకు వలస వెళ్ళినవారే. ఆ కేకు తిని పెరిగిన నాకు ఇది పరాయి పండుగలా ఎప్పుడూ అనిపించలేదు. అన్ని మతాల వాళ్ళూ వస్తున్నారు కాబట్టి ఆహ్వానంలో ‘వింటర్ పార్టీ’ అని రాస్తే అందరూ నిశ్చింతగా వస్తారు.

ఇంటికి తీసుకెళ్ళే వాళ్ళతో, కారులో ఒళ్ళో పెట్టుకోకుండా కింద చదునుగా పెట్టమని చెప్పండి. తినాలనుకుంటే రెండు మూడు రోజుల్లో తినేయాలి, ఆ తర్వాత అది చూడటానికే. మా పాప తన ఇంటిని జనవరి దాకా దాచి, సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద పెడుతుంది. ఆవులు, ఎడ్లబండి, బావి దగ్గర నీళ్ళు తోడే అమ్మాయి, వాటి పక్కన మిఠాయి పైకప్పు ఇల్లు. మీ పాప కూడా దాచుకుంటానంటే వంటింట్లో మాత్రం పెట్టకండి. కుక్కర్ ఆవిరికి గోడలు మెత్తబడతాయి. హీటర్ గాలి ఆడే గదిలో, ఎత్తుగా, పైన ఏమీ కప్పకుండా ఉంచితే పెద్ద పండుగ దాకా నిలుస్తుంది.